మూడు బొడిపెల నీలం టబ్బు

ఫోను మోగేసరికి నేను మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాను.

పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. మా ఆయన చొక్కాలు ఉతకడం నాకు సరదా అని పైకి చెబితే ఆఫీసులో నా పరువు పోతుంది. నేరగాళ్ళ వెంటపడే ప్రైవేటు డిటెక్టివుని మరి! అయినా కాలర్ మీద బ్రష్షు తిప్పుతూ కూనిరాగం తీయడంలో ఉన్న సుఖం నాకిన్నాళ్ళూ తెలియదు. వాషింగ్ మెషీన్ ఇంకా కొనలేదు. మొన్న మా వదిన తెచ్చిచ్చిన నీలం ప్లాస్టిక్ టబ్బే మా కొత్త సంసారానికి మెషీన్. దాని అడుగున నాలుగు మూలలా నాలుగు బొడిపెలుండాలి. ఒకటి విరిగిపోయింది. ఆ మూల కింద షాంపూ సీసా మూత పెడితే తప్ప టబ్బు ఒరగకుండా నిలబడదు. ఆ మూత ఉపాయం నాదే. దానికీ మురిసిపోయాను.

"డిటెక్టివ్ గారూ!" మా ఆయన గొంతు ఫోను పగిలేలా ఉంది. "మా అక్క గెలిచింది! మాస్టారి రక్తంలో క్రిమి లేదట. రిపోర్టు వచ్చేసింది!"

"నిజంగా? ఇంకోసారి చెప్పు!"

"క్రిమి లేదు. కేసు లేదు. సస్పెన్షన్ లేదు. రేపటినుంచి డ్యూటీ. నువ్వెళ్ళి ఆర్డరు తీసుకురా. అక్క కేకు కొనడానికి అప్పుడే బయల్దేరింది."

నురగ చేతులతోనే గంతేశాను. ఫోను జారి టబ్బులో పడబోయింది.

మా ఆయన అక్క, అంటే మా వదిన, ఐసీయూలో నర్సు. పన్నెండేళ్ళ సర్వీసు, ఒక్క మచ్చ లేదు. ఆమె చూసుకుంటున్న రోగుల్లో రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఉన్నాడు. ఆయన మెడలోని పెద్ద రక్తనాళంలోంచి గుండె దాకా ఒక సన్నటి గొట్టం వేశారు, మందులు ఎక్కించడానికి. హఠాత్తుగా ఆయనకి చలిజ్వరం వచ్చింది. ఇంటివాళ్ళు గొడవ చేశారు. గొట్టం దగ్గర చెయ్యి కడుక్కోకుండా ముట్టుకుందని నేరం వదిన మీద మోపి, ఆ సాయంత్రమే ఆమెను ఇంటికి పంపేశారు. పంపినవాడు ఇన్ఫెక్షన్ల నివారణ కమిటీకి పెద్ద. ఐసీయూలో గొట్టాల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు ఏడాదిగా సున్నా అని ఎక్కడపడితే అక్కడ చెప్పుకుంటాడు కాబట్టి అందరూ ఆయన్ని సున్నా సారు అంటారు. ఆ సున్నాకి రేపు ఉదయం పదింటికి ఆస్పత్రి హాల్లో సన్మానం.

విచారణలో వదిన తరఫు ప్రతినిధిని నేను. కాబట్టి ఆర్డరు నేనే తెచ్చుకోవాలి. మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను.

*

సున్నా సారు కుర్చీలోంచి లేచి నిలబడి మరీ కవరిచ్చాడు.

"చూశారా అమ్మా, సత్యం ఎప్పుడూ గెలుస్తుంది."

"నాలుగు రోజులు ఆలస్యంగా గెలిచింది సార్. మా వదిన నాలుగు రోజులుగా నిద్రపోలేదు."

"ఇవాళ పడుకోమనండి. ఇక్కడొక సంతకం పెట్టండి. ఈ విషయంలో ఇకపై మీకే ఫిర్యాదూ లేదని."

పెన్ను తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, మాస్టారిని ఒకసారి పలకరించి రమ్మని వదిన మరీ మరీ చెప్పింది. "వచ్చి పెడతాను సార్" అన్నాను. ఆయన నవ్వు కొంచెం తగ్గింది. నేనప్పుడు పట్టించుకోలేదు. సంతోషంగా ఉన్న డిటెక్టివ్ సగం గుడ్డిది.

చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని లోపలికి వెళ్ళాను. మాస్టారి భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రెండు దుప్పట్లని చేతులతో అదిమిపట్టి ఉంది. వాటికింద మాస్టారు వణికిపోతున్నాడు. మంచం ఇనుప కడ్డీలు సన్నగా మోగుతున్నాయి.

"పిన్నిగారూ, రిపోర్టు బాగుందన్నారు..."

"రిపోర్టుకేమమ్మా, నిక్షేపంలా ఉంది. మనిషే బాగాలేడు."

ఇంటి దగ్గర మొదలైన కూనిరాగం నా లోపల ఆగిపోయింది.

"ఈ వణుకు ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున. గొట్టం మూసుకుపోకుండా సెలైన్ నీళ్ళు పోస్తారు చూడు, సిరంజితో. అది పోసిన అరగంటకి."

"మొదటిసారి వచ్చినప్పుడో?"

"అప్పుడూ అంతే. నీళ్ళు పోయడం, ఈయన పళ్ళు టకటకలాడటం. నేను ఆ రోజు మీ వదిన మీద అరిచాను. ఆ పిల్ల ఇటొచ్చి నాలుగు రోజులైంది, ఇవాళ మళ్ళీ అదే వణుకు. ఇంక ఎవరిమీద అరవను?"

అంటే వదిన చేతులు ఇక్కడ లేకపోయినా రోగం ఇక్కడే ఉంది. ఆ మాట సంతోషంగా అనుకోవాలి. కానీ అసలు క్రిమే లేదంటోంది రిపోర్టు.

"పరీక్షకి రక్తం ఎప్పుడు తీశారు పిన్నిగారూ? జాగ్రత్తగా గుర్తుచేసుకోండి. యాంటీబయాటిక్ మందు మొదలుపెట్టకముందా, తర్వాతా?"

"గుర్తుచేసుకోవడమేముంది? మందు సీసా సగం దిగాక తీశారు. అప్పుడే ఎందుకు తీయలేదని అడిగా కూడా. పెద్దావిడా, మీకు తెలీదు ఊరుకోండి అన్నారు."

మా పెళ్ళయిన రెండో రోజునుంచీ వదిన భోజనాల దగ్గర నాకు నర్సింగ్ పాఠాలు చెబుతోంది. ఈ పాఠం నాకు బాగా గుర్తుంది. రక్తంలో క్రిమి ఉందో లేదో తేలాలంటే యాంటీబయాటిక్ పడకముందే రక్తం తీయాలి. మందు పడ్డాక తీస్తే, క్రిమి ఉన్నా ల్యాబ్‌లో మొలవకపోవచ్చు. పోలీసులు వీధి మొదట్నుంచీ సైరన్ వేసుకుంటూ వెళ్ళి, ఇల్లంతా వెతికాం, దొంగ లేడు అని రాసుకొచ్చినట్టు ఉంటుంది.

నా అరచేతిలో ఇంకా ఆ ఆర్డరు కవరుంది. ఒక్కసారిగా అది నాకు ఎంగిలి కాగితంలా అనిపించింది.

*

డ్యూటీ డాక్టరు నా వయసుదే. మందుల అలమారా పక్కన నిలబెట్టి అడిగాను.

"మందు ముందు, రక్తం తర్వాత. ఇది పొరపాటా డాక్టర్, అలవాటా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "అలవాటు."

"ఎవరు అలవాటు చేశారు?"

ఆమె కళ్ళు సున్నా సారు గది అద్దాల వైపు వెళ్ళి వచ్చాయి. "కాగితం మీద ఎక్కడా ఉండదు. ముందు రోగి ప్రాణం, వెంటనే మందు పెట్టండి, రక్తం సంగతి తర్వాత చూద్దాం అంటారు. వినడానికి ఎంత బాగుంటుందో చూడండి."

"రక్తం తీయడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు."

"ఆ రెండు నిమిషాలకి ఆగితే సున్నా ఒకటవుతుంది. అంతేనా?"

ఆమె మెడలోని స్టెతస్కోపు తీసి జేబులో కుక్కుకుంది.

"మాస్టారి కంటే ముందు ఇలాగే వణికినవాళ్ళున్నారా?"

"రెండో మంచం అమ్మాయి. ఆమెకీ క్రిమి లేదనే వచ్చింది. గొట్టం బాగానే ఉందనుకుని తీయలేదు."

"ఇప్పుడెలా ఉంది?"

"లేదు. అసలు జబ్బుతోనే పోయిందని రాశాం. నేనే రాశాను."

చాచి కొట్టాలనిపించేంత కోపం వచ్చింది నాకు. ఎవరిని కొట్టాలో తెలియక అలమారా సొరుగు లాగాను.

నాలుగు సెలైన్ సీసాలు, నాలుగూ తెరిచి సగం వాడినవి. గొట్టంలోకి సిరంజితో పోసేది వీటిలోంచే. చేతికి గ్లవ్ వేసుకుని ఒకటి వెలుతురులోకి ఎత్తాను. కాగితం లేబులు అలలు అలలుగా ముడుచుకుపోయి ఉంది. తడిసి ఆరిన కాగితం మళ్ళీ సాపు అవదు. మిగతా మూడూ అంతే. సూది గుచ్చే రబ్బరు మూత చుట్టూ తెల్లటి చార. నీళ్ళు నిలిచి, ఎండి, మళ్ళీ నిలిచి ఎండితే పడే చార అది. సెలైన్ సీసాకి లోపల నీళ్ళుండాలి కానీ బయట ఎందుకున్నాయి?

సొరుగుపైన స్టీలు బల్ల. మిగతా బల్లంతా అద్దంలా ఉంది. ఒక మూల మాత్రం తెల్లటి మచ్చలు. వంగి చూశాను. నాణెం అంత గుండ్రటి మచ్చలు మూడు, మూడు మూలల్లో. నాలుగో మూల మచ్చ లేదు. అక్కడ మడతలు పెట్టిన అంటుప్లాస్టర్ ముక్క, దిమ్మలాగా, బల్లకి కరుచుకుని ఉంది.

ఏదో బరువైనది ఇక్కడ చాలాకాలం కూర్చుంది. నాలుగు కాళ్ళలో ఒకటి విరిగింది. ఒరగకుండా ఎవరో దాని కింద ప్లాస్టర్ దిమ్మ పెట్టారు.

నేనైతే షాంపూ సీసా మూత పెట్టాను.

పొద్దున ఆ టబ్బులోనే మోచేతుల దాకా చేతులు ముంచాను.

"ఇక్కడ ఏముండేది డాక్టర్?"

"టబ్బు," అంది మెల్లగా. "సీసాలు వెచ్చబెట్టడానికి. ఇక్కడ ఏసీ చలి ఎలా ఉంటుందో చూస్తున్నారుగా. చల్లటి సెలైన్ గుండె దగ్గరికి వెళితే రోగులు ఉలిక్కిపడేవారు. గోరువెచ్చగా ఉంటే హాయిగా ఉందనేవారు."

"అవును, ఈయన కూడా అన్నారు," మంచం దగ్గర్నుంచి మాస్టారి భార్య అంది. "వెచ్చగా ఉందోయ్, టీ తాగినట్టుంది అని."

"కుళాయి నీళ్ళేనా టబ్బులో? తెరిచిన సీసాల్నే మళ్ళీ అందులో ముంచేవాళ్ళా?"

డాక్టరు తలూపింది.

"ఎవరు మొదలుపెట్టారు ఈ పద్ధతి?"

ఆమె నా మొహంలోకి జాలిగా చూసింది. ఆ జాలి అర్థమయ్యేలోపే వెనక నుంచి గొంతు వినిపించింది.

"మీ వదిన."

సున్నా సారు. ఆయన చేతిలో నేను సంతకం పెట్టని కాగితం.

"సీసా ఇటివ్వండి అమ్మా. పలకరించడానికి పంపితే సోదా చేస్తున్నారా?" నా చేతిలోంచి సీసా లాక్కున్నాడు.

"మాస్టారి ఒంట్లోకి క్రిములు ఈ సీసాల్లోంచే వెళుతున్నాయి సార్."

"క్రిములా? లేవని రిపోర్టుందిగా."

"మందు పడ్డాక తీసిన రక్తానికి వచ్చిన రిపోర్టు అది. మీ సున్నాలన్నీ అలా తయారైనవే."

"గొంతు తగ్గించండి. ఇది ఐసీయూ."

"వణుకుతున్న మనిషికి నా గొంతు అడ్డం రాదు. మీ సన్మానానికి అడ్డం వస్తుంది, అందుకా?"

ఆయన నవ్వాడు. "సరే, క్రిమి ఉందనే రాద్దాం. ఎలా వచ్చింది? టబ్బు వల్ల. టబ్బు ఎవరు పెట్టారు? మీ వదిన. చెయ్యి కడుక్కోలేదన్న చిన్న నేరం పోయి, రెండో మంచం అమ్మాయి చావు కూడా ఆమె నెత్తికే వస్తుంది. పోలీసులు మీకు బాగా తెలిసినవాళ్ళేగా? ఇప్పుడు చెప్పండి డిటెక్టివ్ గారూ, రిపోర్టు మంచిదా, చెడ్డదా?"

నాకు ఒక్క ప్రశ్న తట్టింది.

"టబ్బు సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

"అది మాయమైన రోజే అనుమానించాను. లేకపోతే ఈ పదవిలో ఎందుకుంటాను?"

"అనుమానం ఉండి కూడా ఈ సీసాల్ని పారేయలేదా? ఇవాళ పొద్దున కూడా ఇందులోంచే పోయించారా?"

"నాలుగు సీసాలు ఒకేసారి పారేస్తే ఎందుకని అడుగుతారు కదా?"

అన్నాక గానీ తను ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. డ్యూటీ డాక్టరు తలెత్తింది. మాస్టారి భార్య స్టూలు మీంచి లేచి నిలబడింది. సున్నా సారు మొహంలోకి సూటిగా చూసింది. ఆయన అద్దాల గది వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సార్," అంది డాక్టరు, "మాస్టారికి రక్తం తీస్తున్నాను. చేతి నుంచి ఒకటి, గొట్టం నుంచి ఒకటి. ఆ తర్వాత గొట్టం తీసేస్తాను. మందులకి చేతికి కొత్త సూది పెడతాను."

"నా పర్మిషన్ లేకుండానా?"

"ముందు రోగి ప్రాణం అని మీరే అంటారు కదా సార్."

*

ఇంటికొచ్చేసరికి వదిన కేకు పెట్టె మీద దారం విప్పుతోంది. మా ఆయన ప్లేట్లు సర్దుతున్నాడు.

"రా మరదలా, నువ్వొచ్చేదాకా కొయ్యొద్దని కత్తి దాచిపెట్టా. వీడి సంగతి నీకింకా తెలీదు," అంటోంది వదిన.

నేను సరాసరి బాత్‌రూములోకి వెళ్ళి, చొక్కాలు బకెట్లో పడేసి, టబ్బు ఎత్తి అటూ ఇటూ తిప్పాను. ఫోను లైటు వేసి చూశాను. లోపలంతా సబ్బుతో తళతళలాడుతోంది. కానీ టబ్బు అంచు బయటికి మడిచి ఉంటుంది కదా, ఆ మడత లోపలికి నా బ్రష్షు ఎప్పుడూ వెళ్ళలేదు. అక్కడ పాకురులాంటి జిగట, చుట్టూతా.

"వదినా, ఇది ఎక్కడిది?"

ఆమె గుమ్మంలో నిలబడిపోయింది. "నాదే. ఆస్పత్రిలో పెట్టుకున్నా. నీ సామాను తీసుకుని పో అన్నారుగా, తెచ్చేసుకున్నా. నా డబ్బుతో కొన్నది వాళ్ళకెందుకు వదలాలి? నీకు పనికొస్తుందని..."

"నీళ్ళు రోజూ మార్చేవాళ్ళా?"

"నేనున్న పూట మార్చేదాన్ని. లేని పూట పైన వేడినీళ్ళు కలిపేవాళ్ళనుకుంటా. ఎందుకే?"

"తెరిచిన సీసాలు ఇందులో ముంచారు. రబ్బరు మూత మీద ఈ నీళ్ళు నిలిచాయి. అదే మూతలోంచి సూది గుచ్చారు. ఆ నీళ్ళు నేరుగా గుండె దాకా వెళ్ళాయి. సున్నా సారు సంగతి తెలిసి కూడా ఈ నాలుగు రోజులూ ఆ సీసాలే వాడించాడు. నాకు భోజనాల దగ్గర పాఠాలు చెప్పారే వదినా, మీకు తట్టలేదా?"

"ఆపు!" మా ఆయన నాకూ ఆమెకీ మధ్య నిలబడ్డాడు. పెళ్ళయ్యాక అతను నామీద గొంతెత్తడం అదే మొదటిసారి. "అక్క గెలిచిన రోజున ఇంట్లోకొచ్చి నువ్వే పట్టిస్తావా?"

"మాస్టారు వణుకుతుంటే చూసొచ్చాను. నువ్వు చూడలేదు."

"ఆవిడ మంచికే కదా చేసింది!"

"అది నాకు తెలుసు. అందుకే ఏడుపొస్తోంది."

వదిన మా ఇద్దరి మాటా వినట్లేదు. టబ్బు వైపే చూస్తోంది.

"రెండో మంచం అమ్మాయి నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది," అంది. "వెచ్చగా ఉందక్కా అని."

కేకు పెట్టె దారం ఆమె వేలికి చుట్టుకునే ఉంది.

ఫోను మోగింది. డ్యూటీ డాక్టరు. "గొట్టం తీసేశాను. రెండు శాంపిళ్ళూ నా చేత్తోనే ల్యాబ్‌లో ఇచ్చాను. కానీ మందు మోతాదులు చాలా పడ్డాయి, క్రిమి మొలుస్తుందో లేదో చెప్పలేం. ఇక్కడ సారు సొరుగు ఖాళీ చేయించారు. బల్ల కడిగించారు. మచ్చలు కూడా లేవు. టబ్బు ఎక్కడుందని అందర్నీ అడుగుతున్నారు. మీ వదిన తీసుకెళ్ళిందని ఎవరో చెప్పేశారు."

నేను ఫోను పెట్టేలోపే కాలింగ్ బెల్ మోగింది.

సున్నా సారు ఒక్కడే వచ్చాడు. లోపలికి రమ్మనకుండానే ఒక కాలు గడప ఇవతల పెట్టాడు. వదినని చూసి ఎంతో ఆప్యాయంగా నవ్వాడు.

"సిస్టర్, ఆస్పత్రి సామాను ఒకటి పొరపాటున మీతో వచ్చిందట. ఇచ్చేయండి. రేపటినుంచి ఐసీయూ ఇన్‌చార్జి మీరే. జరిగింది మర్చిపోదాం."

మా ఆయన నావైపు చూశాడు. నేను వదినవైపు చూశాను. ఉద్యోగం ఆమెది, పేరు ఆమెది, జైలుకెళితే వెళ్ళేదీ ఆమే. ఇందులో నా తెలివితేటలకి చోటు లేదు.

వదిన వేలికున్న దారం విప్పి కేకు పెట్టె మీద పెట్టింది.

"అది ఆస్పత్రిది కాదు సార్. నేను కొన్నది. రోగులకి వెచ్చగా ఉండాలని కొన్నది. తెలియక చేశాను. తెలిశాక దాచను."

"పిచ్చిదానిలా మాట్లాడకండి. మీరే ఇరుక్కుంటారు."

"ఇరుక్కుంటాను. నేను తెలియక చేసిన పని మీరు తెలిసి నాలుగు రోజులు నడిపించారు. ఆ లెక్క కూడా పోలీసుల దగ్గరే తేలుతుంది. ఇంకా ఎన్ని ఆస్పత్రుల్లో ఇలా టబ్బులు పెట్టి సీసాలు వెచ్చబెడుతున్నారో! నేను నోరు మూసుకుంటే వాళ్ళకెవరు చెబుతారు?"

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. మా ఆయన మాట్లాడకుండా తలుపు మీద చెయ్యి వేసి నెమ్మదిగా నెట్టాడు. గడప ఇవతలున్న కాలు దానంతటదే వెనక్కి వెళ్ళింది.

తర్వాత మా ఆయన బాత్‌రూములోకి వెళ్ళాడు. టబ్బుని కొత్త దుప్పటి కవర్లో, మాకు పెళ్ళికి వచ్చినదాంట్లో, దూర్చి మూతి కట్టాడు. నా షాంపూ సీసా మూతని కూడా అందులో వేశాడు.

"అది ఎందుకు?" అన్నాను.

"సాక్ష్యం కదా డిటెక్టివ్ గారూ." గొంతులో కోపం ఇంకా పోలేదు, కానీ అది నామీద కాదు. "రాత్రికి ఇది మన మంచం కింద. ఎవడొస్తాడో చూద్దాం."

వదిన ముగ్గురికీ కేకు కోసింది. ఎవరమూ తినలేదు.

"రేపు ల్యాబ్ ఎనిమిదింటికి తెరుస్తారు," అంది. "ఆస్పత్రి ల్యాబ్ కాదు, బయటిది. టబ్బు నేనే మోస్తాను, వాళ్ళ రసీదు చేతికొచ్చేదాకా వదలను. అక్కణ్నుంచి రెండో మంచం అమ్మాయి వాళ్ళమ్మ ఇంటికి. ముందు ఆవిడకి చెప్పాలి. పదింటికి సభ. సారుకి శాలువా కప్పేలోపు నేను మైకు దగ్గరుండాలి. నువ్వు నా ప్రతినిధివి కదా మరదలా?"

"అవును వదినా."

"అయితే రేపు మాట్లాడేది నేను. నువ్వు మాత్రం ఆ మైకు ఎవరూ ఆపకుండా చూడు."